ఆకు చెప్పిన కబురు

“ఏటి బాబూ, మూడోదీ మాడిపోనాదా?” అడిగాడు కొలిమి వరహాలు.

నీలకంఠం తలూపాడు. అంతరిక్షం నుంచి గాలిలోకి దూసుకొచ్చే వ్యోమనౌక కవచం ఎంత లోతుదాకా వేడెక్కుతుందో కొలవాలి. పరీక్షకని విశాఖ ఫౌండ్రీకి నాలుగు కవచం ముక్కలు పంపారు. మూడింటి మీద అతను బిగించిన వేడి కొలిచే తీగలు మంట తగలగానే కరిగిపోయాయి. నాలుగోదీ పోతే ఉద్యోగం ఊడుతుంది. ఫస్టుక్లాసు ఇంజనీరు ఘనకార్యం మరి!

వరహాలు మధ్యాహ్నం భోజనానికి కొలిమి గట్టు మీంచి చేప తీశాడు. చుట్టూ అరటాకు పొరలు.

“ఆకులు మాడ్చేశావేం?”

“మాడాల బాబూ. నాలుగు సుడతాను. రెండు మాడితే సేప పచ్చి, మూడు మాడితే ఉడికినట్టు. ఆకే సెప్తాది.”

నీలకంఠం నోటి దగ్గర ముద్ద ఆగిపోయింది. ఇన్నాళ్లూ తీగ కాలకూడదనే తంటాలు పడ్డాడు. కాలడమే కబురని తట్టలేదు.

ఆఖరి ముక్కలో నాలుగు తీగలు నాలుగు లోతుల్లో దించాడు. మంటలో వరసగా మూడు పోయాయి. నాలుగోది నిలిచింది. వేడి ఎప్పుడు ఎంత లోతుకు చేరిందో కాగితం మీద గీతలుగా వచ్చింది.

వరహాలు తొంగిచూశాడు. “ఇందల సేప ఏది బాబూ?”

“నేనే, వరహాలూ. మూడు మాడితేగాని ఉడకలేదు!”