పదడుగుల సిగ్నల్

“ఆ వైఫై పెట్టె ఇటివ్వండి, నా బ్యాగులో వేసుకుంటాను,” అంది భార్య, హోటల్ మెట్లు దిగుతూ.

రిటైరైన సర్వేయరు, ఆమె భర్త, చొక్కా జేబు మీద చెయ్యి అదిమిపెట్టుకున్నాడు. “ఎందుకు?”

“వేడెక్కుతోంది. గుండె పక్కన అలాంటివి పెట్టుకోకూడదట.”

ఆయన కాసేపు తటపటాయించి, ఇద్దరి ఫోన్లకూ నెట్టు అందించే, సబ్బు బిళ్ళంత ఉన్న ఆ పెట్టెను ఆమె చేతిలో పెట్టాడు. “నా పక్కనే నడువు మరి. పదడుగులు దాటితే సిగ్నల్ పోతుంది.”

“నేనెక్కడికి పోతాను,” అందామె. బ్యాగు జిప్పు లాగుతుంటే ఐదు రోజుల తర్వాత మొదటిసారి ఆమె కడుపు చల్లబడింది.

ఈ పరాయి దేశంలో దిగిన రోజే, విమానాశ్రయంలో ఈ వైఫై పెట్టెలు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర, “చెరొకటి తీసుకుందామండీ,” అని ఆమె బతిమాలింది. “ఒకటి చాలు. నువ్వు నాతోనేగా ఉంటావు,” అన్నాడాయన. అంతే. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరికీ లైన్లు కలిపిన మనిషి, అక్కకి ఒక ఫొటో పంపాలన్నా మొగుడి జేబు వెనకాల నడవాల్సి వచ్చింది.

పెళ్ళైన నాటి నుంచీ ఇంట్లో ఆయన గీసిందే గీత. అయినా ఈ ప్రయాణంలో మరీ శ్రుతి మించిపోయాడు. వరండాలో నిలబడి, “మన గది ఎన్నోదో చెప్పు చూద్దాం,” అని చిన్నపిల్లకు పెట్టినట్టు పరీక్ష పెట్టేవాడు. ఆమె చెబితే మెప్పూ లేదు, మాటా లేదు. రెండు వీధులు నడవాలన్నా ఫోనులో మ్యాపు ముందేసుకుని చూసేవాడు. పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. పిలుపంతా “ఇదిగో, నిన్నే.”

అవన్నీ సర్దుకుంది. సర్దుకోలేనిది రెండో రోజు జరిగింది. బజారులో శాలువాలు చూస్తూ వెనక్కి తిరిగితే ఆయన లేడు. ఆయనతోపాటే నెట్టూ లేదు. హోటల్ పేరు నోరు తిరగదు, చిరునామా నెట్టు లేక ఫోనులో తెరుచుకోదు. మూడు గంటలు ఎండలో తిరిగి, భాష రాక సైగలు చేసి, చివరికి ఒక మహిళా పోలీసు పుణ్యాన గది చేరింది. ఆయన మంచమ్మీద దర్జాగా కాళ్ళు చాపుకుని టీవీ చూస్తున్నాడు.

“ఇంతసేపు ఎక్కడ తిరుగుతున్నావు?” అన్నాడు.

నిన్ను వదిలేసి వచ్చానే అన్న మాట లేదు, కనీసం మంచినీళ్ళు తాగమన్న మాట లేదు. ఆమె ఆ పూట ఏడవలేదు. దెబ్బకు దెబ్బ తీశాకే మిగతా సంగతి అనుకుంది.

ఇవాళ చౌరస్తాలో ఫౌంటెన్ పక్కన బెంచీ మీద ఆయన్ని కూర్చోబెట్టి, “నీళ్ళ సీసా తెస్తాను,” అని రోడ్డు దాటింది. ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో మేడ మీద, అద్దాల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. పెట్టెను టేబుల్ మీద పెట్టుకుని అక్కకి వీడియో కాల్ చేసింది.

“చూడక్కా, మీ మరిది తమాషా,” అంటూ ఫోను కిందికి తిప్పింది.

సర్వేయరు ఫోనును చెవి దగ్గర పెట్టుకున్నాడు, పైకెత్తాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లేచి వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ బెంచీ దగ్గరికే వచ్చాడు. ఇంకో మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు.

“బాగా కుదిర్చావే రోగం,” అని నవ్వింది అక్క. కాసేపటికి నవ్వు తగ్గించి, “పాపం, ఇక చాల్లేవే. వెళ్ళు,” అంది.

“నేను మూడు గంటలు తిరిగాను. కనీసం రెండైనా తిరగనీ.”

రెండో కాఫీ తాగుతుండగా ఆయన దారిన పోయేవాళ్ళని ఆపడం కనిపించింది. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఏ ఊళ్ళోనూ ఎవర్నీ దారి అడగని మనిషి, ఇప్పుడు ఫోను చూపిస్తూ ఒక్కొక్కరి ముందూ నిలబడుతున్నాడు. ఆమెకు కాఫీ అమృతంలా ఉంది.

రెండు గంటలు నిండాక పెట్టె చేతిలో పట్టుకుని తాపీగా కిందికి దిగింది. ఆయన బెంచీ చివర ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకుంది. తిట్టనీ, ఇవాళ తనూ ఊరుకోదు. ఇన్నేళ్ళుగా గొంతులో దాచుకున్న మాట ఒకటుంది.

ఎదురుగా నిలబడి, “ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?” అంది.

ఆయన తలెత్తాడు. కోపం లేదు. కంగారుగా లేచి, చొక్కా సర్దుకుని, ఆమె కూర్చోవడానికి పక్కకి జరిగాడు.

“మీరెవరమ్మా?”