కోడత్త సాయంత్రపు కేక

ఎవరో వదిలేసిపోయిన కుక్కను ఇంటావిడ తెచ్చి, పండు అని పేరు పెట్టి పెంచుకుంటోంది. తిండికి లోటు లేదు. అయినా పండు ఆకు రాలితే అరిచేది, గిన్నె మోగితే అరిచేది, ఏ చప్పుడూ లేకపోతే అందుకూ అరిచేది. ఆ గోలకు బెదిరి గేదె పాలు చేపడం మానేసింది. ఇంటావిడ విసిగిపోయి, "ఈ కుక్కను ఇంకెవరికైనా ఇచ్చేస్తాను" అంది.

తన పిల్లలకు నిద్ర లేక మండిపడుతున్న దొడ్లోని కోడిపెట్ట, కోడత్త, పండును నిలదీసింది. "ఏరా, నీకు గొంతు నొప్పెట్టదా?"

"నొప్పెడుతుంది అత్తా. కానీ పాత ఇంటివాళ్లు నేను నిద్రపోతుంటే సామాను సర్దుకుని వెళ్లిపోయారు. నోరు మూసుకుంటే మళ్లీ మరిచిపోతారేమోనని భయం."

ఆ సాయంత్రం కోడత్త పిల్లల్ని ఒక్కొక్కదాన్నే పిలిచి గంప కిందికి చేర్చి, చివర్లో "పండూ" అని కేకేసింది.

"భౌ" అంది పండు ఆశ్చర్యంగా.

"ఉన్నావుగా. ఇక పడుకో."

రోజూ అలాగే పిలిచేది. పండు ఒక్కసారి పలికి పడుకునేది. గేదె మళ్లీ పాలు చేపింది. ఇంటావిడ పండును ఇచ్చేసే మాటే మరిచిపోయింది.

ఒక సాయంత్రం పిలిస్తే పిల్లలూ పలకలేదు, పండూ పలకలేదు. కోడత్త రెక్కలు కొట్టుకుంటూ, గొంతు చించుకుంటూ దొడ్డంతా పరుగెత్తింది.

గడ్డివాము వెనక పండు ఒక కన్ను తెరిచింది. దాని పొట్ట మీద కోడిపిల్లలన్నీ హాయిగా నిద్రపోతున్నాయి.

"ఎందుకత్తా ఆ అరుపులు?" అంది పండు మెల్లగా. "పిల్లలు లేస్తారు."