రెండో డబ్బా

"నరాల జబ్బుకి మలం పరీక్షేంటండీ? తలుపు కిర్రుమంటే కిటికీకి నూనె రాసినట్టుంది!" భర్త డాక్టరమ్మ బల్ల మీద గుద్దాడు.

ఆయనగారు బీమా ఆఫీసులో క్లెయిములు పరిశీలించే అధికారి. ఎవరు జబ్బన్నా ముందు అబద్ధమనుకోవడం ఆయన ఉద్యోగధర్మం. ఆ ధర్మాన్ని ఇంట్లో మరింత నిష్ఠగా పాటిస్తున్నాడు. పక్కనే భార్య, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఈవిడది మల్టిపుల్ స్క్లెరోసిస్," అంది డాక్టరమ్మ ఓపిగ్గా. "మనల్ని కాపాడాల్సిన కణాలే నరాల మీది పొరని కొరికేస్తాయి. వాటిని రెచ్చగొట్టేవి పేగుల్లోని సూక్ష్మజీవులేమోనని మా అనుమానం. అందుకే రోగినీ, అదే ఇంట్లో అదే తిండి తినే ఇంకొకరినీ పోల్చి చూస్తాం. ఆ రెండో మనిషి మలం డబ్బా కూడా రాకపోతే రోగిని పరిశోధనలోకి తీసుకోం."

"ఆ దరిద్రాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలట! చస్తే పెట్టనన్నాను."

"మాకు రెండూ చల్లగానే అందాయే!"

"ఏమో! అయినా ఈవిడకి జబ్బేంటండీ, వట్టి బద్ధకం. అంట్లగిన్నెలు కనబడగానే కాళ్లు తిమ్మిరెక్కుతాయి."

భార్య తల దించుకుంది. ఈ మాటలు ఆవిడకి కొత్త కాదు. మొగుడు ఒక్కసారైనా నమ్మితే బాగుండునన్న ఆశ మాత్రం ఇంకా చావలేదు.

డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది. "అసలు ఇవాళ పిలిపించింది మీ గురించే. ఆవిడ డబ్బాలో కనబడ్డ తేడాలన్నీ మీ డబ్బాలోనూ ఉన్నాయి. అంతమాత్రాన జబ్బని చెప్పలేం. ఎందుకైనా మంచిది, అడుగుతున్నా... ఎప్పుడైనా కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా?"

ఆయనగారి మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"అవునండీ! ఇప్పుడే... ఎడమకాలు..." లేవబోయి కుర్చీలో కూలబడ్డాడు. "కళ్లు కూడా మసకేస్తున్నాయి! చక్రాల కుర్చీ తెప్పించండి!"

భార్య ఒళ్లోంచి చేతికర్ర లాక్కున్నాడు. "అలా చూస్తావేంటే? ఇది నీ తిమ్మిరి లాంటిది కాదు, నిజం తిమ్మిరి!"

ఆవిడ కాసేపు అతన్ని కళ్లారా చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"నా కర్ర ఇలా ఇచ్చేయండి. మీ డబ్బా బాల్కనీలో ఎండకి పాడైపోతే, రెండోది కూడా నేనే నింపి కూరగాయల వెనక దాచాను."