గదిలో పావుగంట

“మీరు కాస్త బయటికి జరగండి” అంది రిజిస్ట్రారాఫీసు గుమాస్తా.

కండక్టరు ఉలిక్కిపడ్డాడు. ముప్పయ్యేళ్ళు బస్సులో జనాన్ని ముందుకీ వెనక్కీ జరిపిన మనిషి. రిటైరయ్యాక తననొకరు జరగమనడం ఇదే మొదలు.

“నేనెందుకమ్మా జరగడం? దాని తండ్రిని నేను.”

“అందుకేనండీ. అధికారం తీసుకునే మనిషి పక్కనుంటే ఇచ్చేవాళ్ళు నోరు విప్పరు. ఒంటరిగా అడగాలి. ఇక్కడ పద్ధతి అది.”

కూతురు తల దించుకుని నిలబడింది. ఎల్లుండి పొద్దున రైలు. మిలిటరీ ట్రైనింగు, పది నెలలు.

వాళ్ళమ్మ పోతూ పోతూ కుట్టుషాపు కూతురి పేర రాసిపోయింది. రోడ్డు పక్క గది, నాలుగు మిషన్లు. ఈ పది నెలలూ దాన్ని నడపడానికీ, అద్దెకివ్వడానికీ, అవసరమైతే అమ్మడానికీ తనకు అధికారమిస్తున్నట్టు పవర్ ఆఫ్ అటార్నీ కాగితం కండక్టరే దగ్గరుండి రాయించాడు.

“అమ్మడం ఎందుకు నాన్నా?” అని ఒక్కసారి అడిగింది కూతురు.

“ఉండనీవే. మాట వరసకి.”

షాపులో ఒకప్పుడు అయిదు మిషన్లుండేవి. భార్య ఆసుపత్రిలో ఉండగా ఆమెకు చెప్పకుండా ఒకటి అమ్మేశాడు. అవసరానికే అమ్మాడు. ఆ సంగతి కూతురు ఎప్పుడో మరిచిపోయిందని అతని నమ్మకం.

గుమాస్తా కూతుర్ని తీసుకెళ్ళిన గది తలుపుకి అద్దం ఉంది. మాటలు వినపడవు, మనుషులు కనపడతారు.

గుమాస్తా ఏదో చెబుతోంది. కూతురు అడ్డంగా తలాడిస్తోంది. గుమాస్తా కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ చెబుతోంది. కూతురు కళ్ళు తుడుచుకుంటోంది.

“ఒక్క సంతకానికి ఇంతసేపా? పురాణం గానీ మొదలెట్టిందా?” అన్నాడు అటెండరుతో.

“ఆవిడంతేనండీ. అందరి గొడవలూ ఆవిడకే కావాలి.”

పావుగంటకి తలుపు తెరుచుకుంది. కూతురు కాగితం చేతికిచ్చింది. ‘అమ్ముటకు’ అన్న చోట అడ్డంగా గీత. పక్కన కూతురి పొట్టి సంతకం.

“ఇదేంటే?”

“షాపు నువ్వే చూసుకో నాన్నా. అమ్మొద్దు. అంతే.”

ఇరవయ్యేళ్ళలో కూతురు తనతో అలా మాట్లాడలేదు. ఆ మాటలు దానివి కావు. ఎవరివో అతనికి క్షణంలో తెలిసిపోయింది.

“ఏమ్మా, ఏం నూరిపోశావు నా కూతురికి?”

గుమాస్తా కూతురి వైపు ఒకసారి చూసింది. “అమ్మాయి ఇష్టమండీ” అంది.

“తండ్రీకూతుళ్ళని విడదీస్తే నీకేం ఒరిగింది? పచ్చని కొంపలో నిప్పులు పోస్తావా?”

హాల్లో జనమంతా తలలు తిప్పారు.

“లోపల మాట్లాడింది బయట చెప్పకూడదండీ.” ఆమె గొంతు వణికింది. అతనికి అదీ పొగరుగానే తోచింది.

“నాన్నా, ఆవిడ్నేమీ అనకు” అంటూ కూతురు చెయ్యి పట్టుకు లాగింది.

మూడోరోజు కూతుర్ని రైలెక్కించి, అటునుంచి అటే పై ఆఫీసుకి వెళ్ళాడు కండక్టరు. రెండు పేజీల అర్జీ రాశాడు. ఆడపిల్లని గదిలో కూర్చోబెట్టి తండ్రి మీద విషం ఎక్కించిందన్నాడు. లంచం అడిగిందని కూడా కలిపాడు. ఆమె అడగలేదు. కానీ ఆ మాట లేకపోతే పైవాళ్ళు కదలరని అతనికి తెలుసు. సర్వీసులో తన మీదా అలాంటి అర్జీలు వచ్చాయి.

ఆమెది టెంపరరీ ఉద్యోగం. నెల తిరక్కుండా తీసేశారు.

ఆ కబురు అటెండరు ఫోన్లో చెబితే, “తిక్క కుదిరింది” అన్నాడు కండక్టరు.

అమ్మే దారి లేదు కాబట్టి షాపులో కూర్చున్నాడు. కూర్చున్నాక పని పట్టుబడింది. కుట్టే ఆడవాళ్ళు ‘బాబాయ్’ అని పిలవడం మొదలెట్టారు. బడి యూనిఫాంల రోజుల్లో అన్నానికి లేవడానికి కూడా తీరిక దొరకలేదు.

పది నెలలు గడిచాయి. ట్రైనింగు ముగింపు పెరేడుకి తల్లిదండ్రుల్ని పిలిచారు. కూతురు గ్రౌండులో కవాతు చేస్తుంటే కండక్టరు కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు కసిరినా వినిపించుకోలేదు.

తర్వాత ఇద్దరూ క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చున్నారు. షాపు కబుర్లన్నీ చెప్పాడు. కూతురు నవ్వుతూ వింది.

“అన్నట్టు, ఆ గుమాస్తా కుర్చీ లాగించేశాను” అన్నాడు హుషారుగా.

కూతురి చేతిలో గ్లాసు సగంలో ఆగిపోయింది.

“నువ్వా?”

“మరి? మన మధ్య చిచ్చు పెట్టినదాన్ని ఊరికే వదులుతానా?”

“పోయిన వారం ఆవిడ కోసం ఆఫీసుకి ఫోన్ చేశాను నాన్నా, ట్రైనింగు అయిపోయిందని చెబుదామని. లంచం కేసులో ఉద్యోగం పోయిందన్నారు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిందట. ఎక్కడుందో ఎవరికీ తెలీదు.”

“దానికి నువ్వు ఫోన్ చెయ్యడమేంటే? ‘అమ్ముటకు’ అన్న మాట కొట్టెయ్యమని నీకు నేర్పింది అదేగా?”

“కొట్టెయ్యమన్నది నేను.” కూతురు గ్లాసు బల్ల మీద పెట్టింది. “నేను కొట్టెయ్యమన్నది ఆ ఒక్క మాటే కాదు.”

“ఇంకేంటి?” అన్నాడు కండక్టరు.

“నాన్న పేరే వద్దు, పిన్ని పేరు రాయండి అని నేను ఏడుస్తుంటే, ‘ఆ పేరు తీసేస్తే నువ్వు తిరిగొచ్చేసరికి నీకు నాన్న మిగలడమ్మా, ఉండనీ’ అని ఆ పావుగంటసేపూ నన్ను బతిమాలింది ఆవిడే నాన్నా.”