దోసిలి పట్టిన దొర

ఉగ్రరూపివయ్యు నుల్లమందున దయ
దాచినట్టి దేవ ధర్మపురిని
వెలసినావు తండ్రి వినుమయ్య మా మొర
నారసింహ నిన్ను నమ్మినాము

సారంగాపూర్ అవతల, కూలీల వాడ ముందు ఆటో ఆగింది.

దిగిన వృద్ధుడు ఎవరినీ పలకరించకుండా నేరుగా బావి దగ్గరికి నడిచాడు.

"చెప్పులు ఇడువుండ్రి తాతా!" నీళ్ళు చేదుతున్న స్రవంతి కేక వేసింది. "గిది ఉత్త బావి గాదు. సినిమాల ఉన్న బావి."

ఆయన చెప్పులు విడిచి దూరంగా పెట్టాడు.

"ఏ సినిమా తల్లీ?"

"‘కడివెడు నీళ్ళు’. పేరు జెప్పినా మీకు తెల్వది. కోరుట్లల వారం ఆడింది, గంతే. లోకమంత మర్చిపోయింది. మా వాడోళ్ళం మాత్రం ఏటా తెర గట్టి చూస్తం."

"ఏముంటుంది అందులో?"

స్రవంతి చేద ఒడ్డున పెట్టి నడుముకు కొంగు చుట్టింది.

"అప్పట్ల మావోళ్ళను ఊరి బావి ముట్టనియ్యకపోదురు. సినిమాల గూడ గట్లనే. దోసిలి పడితే దొర మనిషొకడు మీదికెల్లి నీళ్ళు పోస్తడు. ఆఖరికి మావోళ్ళే బావి తవ్వుకుంటరు. అట్టల సెట్టింగు గాదు తాతా, నిజంగనే తవ్విన్రు. గదే గీ బావి! ఇంటింటికి నల్లాలు అచ్చినా తాగేటందుకు మాకు గీ నీళ్ళే. మా నాయనమ్మ గూడ ఉన్నది గా సినిమాల."

ఆ మాటల్లోని గర్వాన్ని వృద్ధుడు కళ్ళు మూసుకొని విన్నాడు.

"ఈ నీళ్ళు గుక్కెడు తాగాలని చాలా దూరం నుంచి వచ్చాను. ఈ వయసులో మళ్ళీ రాగలనో లేదో. పోస్తావా?"

"దూపకు అచ్చినోళ్ళకు పొయ్యకుంటె ఎట్ల?" స్రవంతి చెంబు నింపి అందించబోయింది.

"ఆగే పోరీ! చెంబు ఇయ్యకు!"

అరుగు మీది నుంచి నాయనమ్మ పోచవ్వ లేచి వచ్చింది. ఆమె చూపు మందగించింది కాని చెవి మందగించలేదు.

"గీ గొంతు నాకెరికే. నువ్వు దొరవు గదా?"

వృద్ధుడు తల ఎత్తాడు.

"అవునమ్మా. ఆ సినిమాలో దొర వేషం నాదే."

"ఏషమా? కొత్త కోడలిని నేను. నిండు కుండ తన్ని పలగ్గొడితివి. గప్పుడు నాకు నిజంగనే దూపయితుండె. ‘దోసిలి పట్టుండ్రి’ అని ఉరిమితివి. గా మాట ఇంక నా చెవులల్ల మోగుతనే ఉన్నది."

"నాయనమ్మా, గది యాక్టింగే!"

"యాక్టింగయితె నా కడుపుల మంట ఇన్నేండ్లకు గూడ ఆరదేందే?"

ఆ మాటకు వృద్ధుని ముఖం చిన్నబోలేదు. నిండు సభలో శాలువా కప్పినట్లు వెలిగింది.

"ఏం చేయమంటావు తల్లీ?"

"దోసిలి పట్టు."

స్రవంతి నాలుక కరచుకుంది.

ఆయన మోకాళ్ళు వంచి, బావి గచ్చు మీద కూర్చొని దోసిలి ఒగ్గాడు. పోచవ్వ చెంబు ఎత్తి పైనుంచి పోసింది. మోచేతుల మీదుగా నీరు కారుతుండగా ఆయన కడుపు నిండా తాగాడు. తడి చేతులను కళ్ళకు అద్దుకున్నాడు.

"ఇంతటి బిరుదు నాకు ఎవ్వరూ ఇవ్వలేదు తల్లీ."

"ఎక్కిరిస్తున్నవా?"

"లేదమ్మా." నమస్కరించి, అదే ఆటోలో వెళ్ళిపోయాడు.

పోచవ్వ నడుము నిటారు చేసుకుంది. "చూసినవానే? దొరతోనే దోసిలి పట్టిచ్చిన! మా అత్త బతికుంటె ఎంత సంబురపడుతుండెనో!"

కొంతసేపటికి జగిత్యాల దవాఖాన నుంచి ఆగయ్య వచ్చాడు. నాడు బావి తవ్విన వాళ్ళకు పెద్దగా నిలిచిన మనిషి ఆయనే. సంగతి విని, ఉన్నచోటనే కూలబడ్డాడు.

"ఎంత పని జేస్తివి పోచవ్వా! గాయినె ఏం జెప్పలేదా?"

"ఏం జెప్తడు బావా? నోరు మూసుకొని తాగి పోయిండు."

"నడుమ రాయి తగిలి తవ్వుడు ఆగింది, యాదికున్నదా?"

"లేకేంది? డైరెక్టరు మళ్ళ పైసలు దెచ్చె గద!"

"డైరెక్టరు తేలే. సినిమావాళ్ళు మూటముల్లె సదురుకొని పోయిన్రు. ఊట పడ్డదని తెలిసినంకనే మళ్ళ అచ్చిన్రు."

"మరి రాయి ఎవలు గొట్టిపిచ్చిన్రు?"

"చెప్పనని మాటిచ్చిన. ‘ఇంకా సగం సినిమా ఉన్నది ఆగయ్యా. నన్ను చూస్తే వాళ్ళ కళ్ళల్లో నిప్పు రావాలి. తెలిస్తే ఆ నిప్పు ఆరిపోతుంది. ఎప్పుడో నేనే వచ్చి చెప్తాను’ అన్నడు."

స్రవంతి చెంబు పడేసి రోడ్డు మీదికి ఉరికింది. ఆటో లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

పోచవ్వ బావిలోకి వంగి, కదలని నీటిని చాలాసేపు చూస్తూ నిలబడింది.

తన తండ్రి ఇచ్చిన ఒక్క మడి చెక్కనూ అమ్మి, ఆ రాతిని పగలగొట్టించి, ఈ వాడకు ఊట చూపించినవాడు ఇందాక ఆమె ముందు దోసిలి ఒగ్గిన ఆ దొరే.

ఈ కథ విన్నవారి ఇంట కడవ ఎన్నడూ నిండుగా ఉండుగాక! వారి గడపకు వచ్చిన దాహం, ఎవరిదైనా సరే, తీరి వెళ్ళుగాక!