ప్లగ్గు అక్కర్లేని మల్టీస్విచ్

క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే మా ఆయన వాల్దెక్, డిష్ మెకానిక్ లెషెక్‌ని వెంటబెట్టుకొచ్చాడు. మా ఇంట్లో గదికో రిసీవర్ ఉంది. ఒక్క డిష్ నుంచి అన్నిటికీ బొమ్మ పంచే మల్టీస్విచ్ మాత్రం నా వంటింటి సామాన్ల గదిలో ఉంటుంది.

"సరిగ్గా రాత్రి భోజనాల వేళకే అన్ని గదుల్లోనూ బొమ్మ పోతోందయ్యా. ఆ దరిద్రాన్ని పీకి పారేయ్," అన్నాడు వాల్దెక్.

లెషెక్ బల్లమీద రెండు కొత్తవి పెట్టాడు. "ఇది మీ పాతరకమే అన్నా, గోడకి ప్లగ్గు పెట్టాలి. ఇదేమో రిసీవర్ల నుంచే కరెంటు లాక్కుంటుంది. ప్లగ్గు గొడవే లేదు."

"పాతరకమే గట్టిది," అన్నాను, చేప పొలుసు గీకుతూ.

"టీవీ చూడనిదానివి, నీకెందుకే? నీ చేప సంగతి చూసుకో," అన్నాడు వాల్దెక్. ప్లగ్గు లేనిదే బిగించారు.

ఇన్నాళ్లూ ఆ ప్లగ్గు పీకింది నేనే. బొమ్మ పోతే తప్ప ఎవరూ కిందికి దిగరు. దిగినవాళ్లు బల్ల చుట్టూ చేరి, డిష్‌ని నాలుగు తిట్టి, ఎలాగూ వచ్చాం కదా అని అక్కడే తినేవాళ్లు.

ఆ సాయంత్రం బొమ్మ పోలేదు. పిల్లలొచ్చి కంచాలు నింపుకుని పైకి వెళ్లిపోయారు. వెనకే వాల్దెక్కూ వెళ్లాడు.

పండగపూట అనుకోని అతిథి కోసం ఒక కంచం ఎక్కువ వెయ్యడం మా ఆచారం. నా కంచం తీసేసి, ఆ అతిథి కంచంలో వడ్డించుకున్నాను.