తర్జుమా లేని పిలుపు

"ముందు ఆ 'బే' తీసెయ్యండి," అన్నాడు నిర్మాత రవిచంద్ర. "హైదరాబాద్‌లో 'ఏం బే' అంటే తిట్టు. రాణిగారు బురుజు మీద నిలబడి కొడుకుని 'రూజ్‌బే' అని పిలిస్తే హాలంతా ఈలలే. ఫిరోజ్ అని పెట్టేద్దాం."

ఫిలింనగర్‌లోని ఆ డబ్బింగ్ గదిలో మిట్టమధ్యాహ్నం కూడా వెన్నెల కాసినట్టే ఉంటుంది. తెరమీద నీలం పొగమంచు, అందులో తేలుతున్న కోట, బురుజు మీద ముంబయి నుంచి వచ్చిన రాణి. ఆవిడకు తెలుగు ముక్క రాదు. అందుకే అద్దానికి అవతల మైకు ముందు పుష్పవల్లి నిలబడి ఉంది. ఎంతమంది నాయికల నోళ్లలోంచి మాట్లాడిందో ఆవిడకే లెక్క తెలియదు. ఆవిడ ముఖం మాత్రం ఏ ప్రేక్షకుడికీ తెలియదు.

"చెప్పవయ్యా రచయితా, పెట్టింది నువ్వే కదా! అసలు దానికి అర్థమేంటి?"

సోఫా మూలన ఒదిగి కూర్చున్న కమలాకర్ గొంతు సవరించుకున్నాడు. కాగితం మీద పెట్టింది తనే. చెప్పింది మాత్రం పుష్పవల్లి. రాజకుమారుడికి ఎవరూ వినని పేరు కావాలని తను బుర్ర బద్దలు కొట్టుకుంటున్న రోజుల్లో, ఈ స్టూడియో మెట్ల మీదే చాయ్ తాగుతూ చెప్పింది.

అతను నోరు తెరిచేలోగా స్పీకర్లోంచి ఆవిడ గొంతే వచ్చింది.

"ఫార్సీల రూజ్ అంటె దినం సార్. బే అంటె మంచిది. మంచిరోజు అన్నట్టు. మనం సిన్మ మొదలుపెట్టనీకి మంచిరోజు చూసుకుంటం గద. వాళ్లు పిల్లగాన్నే మంచిరోజు అని పిల్చుకున్నరు."

డైలాగు చెప్పేటప్పుడు కృష్ణా జిల్లా తెలుగు ఒలకబోసే మనిషి, సొంత మాటకొచ్చేసరికి బోరబండ బస్తీకి వెళ్లిపోతుంది.

"శానా పాత పేరు సార్. ఇస్లాం రాకముందటిది. అటెన్క అరబ్బీ పేర్లొచ్చి ఇసొంటియి ఎన్నో పక్కకు వడ్డయి. గిది మాత్రం అరబ్బుల కితాబులల్ల రూజ్‌బిహ్ అని జర వేషం మార్చుకోని బతికిందట. షీరాజ్ అనే ఊర్ల ఒక సూఫీ పెద్దాయనకు గూడ దీని తీరు పేరే ఉండెనంట."

"ఎవరమ్మా మీకివన్నీ చెప్పింది?" అన్నాడు రవిచంద్ర.

"టోలిచౌకిల మేం కిరాయికున్న ఇంటి కింద ఇరానీ హోటల్ ఉండె. గా ముసలాయన చెప్పిండు. షహరంతా దేవులాడినా గీ పేరు ఇంకొకనికి దొరకదు బేటీ, అన్నడు."

"నేను మొత్తుకునేదీ అదే! దొరకని పేరు జనం నోట ఎలా ఆడుతుందండీ? సినిమా మొత్తం 'యువరాజా, యువరాజా' అనే ఉంది. పేరు పలికేది ఈ ఒక్కచోటే. ఫిరోజ్ అంటే పోలా?"

"ఫిరోజ్ అంటె ఒక్క హాల్లనే పదిమంది తిరిగి చూస్తరు సార్." ఆవిడ మైకుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. "మీ కాళ్లు మొక్కుత, గీ పేరు తియ్యకుండ్రి. ఒక్కసారి పిలుస్త. విన్నంక మీ ఇష్టం."

ఇంత చిన్న మాటకు కాళ్లదాకా ఎందుకని కమలాకర్ విస్తుపోయాడు. రవిచంద్ర విసుగ్గా తలూపాడు.

దీపాలు ఆరాయి. తెరమీద మంచు కదిలింది. డబ్బింగ్ చెప్పేవాళ్ల కళ్లు ఎప్పుడూ తెరమీది పెదవుల మీదే ఉంటాయి. పుష్పవల్లి కళ్లు మూసుకుంది.

"రూజ్‌బే..."

అది కేక కాదు. అన్నం కలిపి గడపలోకొచ్చి, వీధిలో ఆడుకుంటున్నవాణ్ణి రమ్మన్నట్టు ఉంది. ఆ పిలుపు మంచులోకి వెళ్లింది, కోటగోడలు దాటింది, ఎక్కడో ఏటి అవతలి గట్టును తాకి మెత్తగా వెనక్కి వచ్చినట్టనిపించింది. కమలాకర్ తల అతనికే తెలియకుండా తలుపువైపు తిరిగింది.

"పెదాలు కలవలేదు సార్," అన్నాడు ఇంజనీరు.

"దూరం షాటయ్యా. ఎవడు చూస్తాడు? ఉంచెయ్," అన్నాడు రవిచంద్ర, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "పేరు కూడా అదే ఉండనీ."

పుష్పవల్లి బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"సిన్మ ఐదు భాషలల్ల పోతది గద సార్. అన్నిట్ల గీ ఒక్క పిలుపు నా గొంతే ఉంచుండ్రి."

"అక్కడ వేరే ఆర్టిస్టులున్నారమ్మా."

"మాటలు వాళ్లే చెప్పుకోనియ్యుండ్రి. పేరుకు తర్జుమా ఉండదు గద!"

రవిచంద్ర పకపకా నవ్వాడు. "ఇన్నేళ్లకి మీకూ పాన్ ఇండియా పిచ్చి పట్టిందన్నమాట!"

"పట్టింది సార్," అని ఆవిడా నవ్వింది.

"సరే పోండి, ఇచ్చాను."

కమలాకర్ మనసు చేదెక్కింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఈ ఫిలింనగర్ గుట్టదాకా సినిమావాళ్లలో ఎవర్ని కదిపినా ఇదే గోల. తన ముక్క ఒకటి తెరమీద మిగలాలి. తను రాత్రింబవళ్లు రాసిన మాటలు సగం కత్తిరించి పారేశారు, అడిగిన నాథుడు లేడు. ఈవిడ ఒక్క అరుపుకు ఐదు భాషలు కావాలంది, వచ్చాయి.

ఇద్దరూ మెట్లు దిగుతున్నారు. సాయంత్రపు ఎండ జూబ్లీహిల్స్ బండలమీద పసుపు ఆరబోసినట్టు పరుచుకుంది. పుష్పవల్లి నేలమీద నడుస్తున్నట్టే లేదు.

"సార్, రైలు వొయ్యే ఊర్లన్నిట్ల ఆడుతదా మన సిన్మ?"

"ఆడుతుంది. రైలు పోని ఊళ్లలో కూడా ఆడుతుంది." ఇక ఉక్రోషం ఆగలేదు అతనికి. "అయినా ఏం ఆశమ్మా మీది! తెరమీద మీ ముఖముండదు. మీ పేరు పడదు. ఆ ఒక్క పిలుపు విని మిమ్మల్ని గుర్తుపట్టేదెవరు?"

పుష్పవల్లి కింది మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగింది.

"నాలుగేండ్లప్పుడు రైల్ల తప్పిపోయిన నా పిల్లగానికి అమ్మ పిలుపు తప్ప ఇంకేం యాదుంటది సార్?"